క్రూయిజర్ సైకిల్‌కి వేరే స్టాండ్ వేసాక వచ్చే తిప్పలు: ఎందుకొస్తాయి, ఏం చెయ్యాలి

అమెరికాలో ఉండే మనవాళ్ళు చాలామంది ఈ బీచ్ క్రూయిజర్లు తీసుకుంటున్నారు, లావు టైర్లు, వెడల్పాటి సీటు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు, నిటారుగా కూర్చుని హాయిగా తొక్కొచ్చు, అన్నీ బాగుంటాయి గానీ దాంతోపాటు వచ్చే స్టాండ్ మాత్రం చాలావాటికి సన్నగా ఉంటుంది. ముందు బుట్ట, వెనక పిల్లల సీటు పెట్టగానే అది చాలదు, ఇంకోటి కొంటారు, అదేమో సరిగ్గా కుదరదు. అప్పుడు అందరూ చేసే పని బోల్ట్ ఇంకాస్త బిగించడం. దయచేసి అది చెయ్యకండి. ఎక్కువసార్లు లోపం బిగింపులో ఉండదు, పొడవులో ఉంటుంది, లేకపోతే స్టాండ్ పట్టుకునే చోటులో ఉంటుంది.

సైకిల్ ఎడమకి మరీ వాలుతోంది, లేదా కుడివైపుకి పడిపోతోంది

వాలిపోతుంటే స్టాండ్ పొట్టి, నిటారుగా నిలబడి చిన్న గాలికే కుడికి పడుతుంటే పొడుగు. ప్యాకెట్ మీద 26 అంగుళాల చక్రానికి అని రాసున్నంత మాత్రాన సరిపోతుందని లేదు, ఎందుకంటే ఫ్రేమ్ నేలకి ఎంత ఎత్తులో ఉందనేది ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, పైగా క్రూయిజర్ టైరే సాధారణంగా 2.125 అంగుళాల లావు.

కొత్తది కొనే ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. చదునుగా ఉన్న గ్యారేజ్ నేల మీద సైకిల్ నిలబెట్టి, పొట్టిగా ఉంటే స్టాండ్ కాలి కింద పల్చటి చెక్క ముక్కలు ఒకదాని మీద ఒకటి పెడుతూ పోండి, వాలు మీకు నచ్చినంతకి రాగానే ఆ చెక్కల మందం కొలవండి, ఇప్పుడున్నదానికంటే సుమారుగా అంత ఎక్కువ పొడుగున్న స్టాండ్ కావాలన్నమాట. పొడుగ్గా ఉంటే రివర్స్, రెండు టైర్ల కింద ఒకే మందం చెక్కలు పెట్టి చూడండి, సుమారుగా ఆ మందమే మీరు కొయ్యాల్సింది. అల్యూమినియం స్టాండ్ అయితే హ్యాక్‌సాతో తేలిగ్గా తెగుతుంది, కానీ ఒకేసారి మొత్తం కొయ్యొద్దు, కొంచెం కోసి, రబ్బరు తొడుగు పెట్టి చూసి, మళ్ళీ కొయ్యండి. కోసేసింది అతకదు కదా. బుట్టలో మామూలుగా మోసే బరువు పెట్టే ఈ పరీక్ష చెయ్యాలి, ఖాళీ సైకిల్‌తో చేస్తే లెక్క తప్పుతుంది.

వేసిన నాలుగు రోజులకే స్టాండ్ పక్కకి తిరిగిపోతోంది

పెడల్స్ దగ్గర నుంచి వెనక చక్రానికి వెళ్ళే రెండు పైపులు, చైన్‌స్టేలు అంటారు, వాటి మధ్య బోల్ట్ రంధ్రంతో ఒక ప్లేట్ వెల్డ్ చేసి ఉందేమో ముందు చూడండి. ఉంటే పని సులువు, స్టాండ్ తల ఆ ప్లేట్‌కి ఆనుకుని కూర్చుంటుంది. లేకపోతే పైన ఒక బిళ్ళ, కింద స్టాండ్, మధ్యలో పైపులు నలుగుతూ ఉంటాయి, అసలు తంటా ఇక్కడే. క్రూయిజర్లలో ఈ పైపులు చాలావాటికి వంపు తిరిగి ఉంటాయి కాబట్టి బిళ్ళ ఒక మూల మాత్రమే తగులుతుంది, అది ఎంత బిగించినా జారుతుంది. స్టాండ్‌ని కొంచెం ముందుకో వెనక్కో జరిపి, పైపులు తిన్నగా ఉన్న చోట పట్టించండి, గ్రీజు శుభ్రంగా తుడవండి. పెయింట్ పోకుండా పాత ట్యూబు ముక్కలు పెట్టేవాళ్ళున్నారు, మంచిదే కానీ రబ్బరు అణిగిపోయి బోల్ట్ వదులవుతుంది, పల్చటి ముక్క పెట్టండి, వారం తర్వాత మళ్ళీ చూసుకోండి. బోల్ట్ మరలకి నీలం రంగు థ్రెడ్ లాకర్, అంటే మరలు వదులవకుండా పట్టే జిగురు, ఒక చుక్క వేస్తే ఇంకా మంచిది.

పాత స్టాండ్ బోల్ట్ కొత్తదానికి వాడొద్దు. 10 మిల్లీమీటర్ల బోల్ట్, 3/8 అంగుళం బోల్ట్ చూడ్డానికి దాదాపు ఒకటే, కానీ మరలు కలవవు, బలవంతంగా తిప్పితే స్టాండ్ లోపలి మరలు పోతాయి.

పైపులు నొక్కుకుపోయాయి

అతిగా బిగించడమే కారణం. నొక్కు లోతుగా ఉన్నా, పెయింట్ మీద సన్న గీతలాంటి పగులు కనిపించినా తొక్కడం ఆపి షాపులో చూపించండి. అల్యూమినియం పైపుని సాగదీసి సరిచేద్దాం అనుకోవద్దు, ఇంకా బలహీనపడుతుంది. ఇలాంటి ఫ్రేమ్‌కి మళ్ళీ ఆ పైపుల మధ్యలో వేసే స్టాండ్ వద్దు, షాపువాళ్ళు పర్లేదంటే వెనక చక్రం దగ్గర వేసేది చూసుకోండి.

వెనక వేసే స్టాండ్‌కి బ్రేకు పట్టీ అడ్డొస్తోంది

వెనక్కి తొక్కే బ్రేకు ఉన్న హబ్‌కి, అంటే వెనక చక్రం నడిమి భాగానికి, ఎడమపక్క ఒక ఇనప పట్టీ ఉంటుంది, అది చిన్న క్లిప్‌తో చైన్‌స్టేకి బిగించి ఉంటుంది. ఇరుసు పక్కన వేసే స్టాండ్‌కి కూడా సరిగ్గా అదే చోటు కావాలి. చోటు కోసం ఆ క్లిప్ మాత్రం విప్పకండి, అస్సలు విప్పకండి. బ్రేకు వేసినప్పుడు వచ్చే బలం మొత్తాన్ని ఆపేది ఆ పట్టీనే, అది వదులైతే గిర్రున తిరిగిపోయి బ్రేకు పోవచ్చు, చక్రమే బిగుసుకుపోవచ్చు. క్లిప్‌కి ముందువైపు చైన్‌స్టేని మాత్రమే పట్టుకునే రకం దొరికితే వేసుకోండి, లేదంటే మధ్య స్టాండే దారి.

స్టాండ్ వేసి వెనక్కి నెడితే పెడల్ తగులుతోంది

సైకిల్ వెనక్కి వెళ్తే పెడల్స్ కూడా వెనక్కి తిరుగుతాయి, ఎడమ పెడల్ వచ్చి స్టాండ్‌ని కొడుతుంది. మామూలు సైకిల్ అయితే కాలితో పెడల్ వెనక్కి తిప్పేస్తాం, ఇక్కడ అలా తిప్పితే బ్రేకు పడుతుంది. వెనక చక్రం కొంచెం పైకెత్తి పెడల్ ముందుకి తిప్పుకోవాలి. వెనక్కి జరిపే ముందు స్టాండ్ మడిచెయ్యడం అలవాటు చేసుకోండి.

రెండు కాళ్ళ స్టాండ్ వేసినా పడిపోతోంది

మన ఊళ్ళలో పాత సైకిళ్ళకి వెనక చక్రాన్ని పైకి లేపి నిలబెట్టే స్టాండ్ ఉండేది కదా, అలాంటిదే కావాలని చాలామంది ఇది కొంటారు, బుట్ట ఉన్న సైకిల్‌కి నా ఓటు కూడా దీనికే. కానీ బుట్ట బరువుకి ముందు చక్రం ఒక్కసారిగా పక్కకి తిరుగుతుంది, దాంతోపాటు సైకిల్ మొత్తం పోతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ నుంచి ఫ్రేమ్‌కి తగిలించే చిన్న స్ప్రింగ్ దొరుకుతుంది, అది వేస్తే హ్యాండిల్ తిన్నగా ఉంటుంది. కాళ్ళు కొయ్యాల్సొస్తే రెండూ సమానంగా కొయ్యండి. మడిచినప్పుడు రెండు కాళ్ళూ ఎడమపక్కకే చేరే రకాలున్నాయి, లావు టైరుకి, పెడల్ బిగించే కడ్డీకి (క్రాంక్) తగలట్లేదని చూసుకున్నాకే రోడ్డెక్కండి. పిల్లల్ని సీట్లో కూర్చోబెట్టి స్టాండ్ మీద వదిలెయ్యడం మాత్రం ఏ స్టాండ్‌తోనూ వద్దండి, ఒక చెయ్యి సైకిల్ మీదే ఉండాలి.

పాత ష్విన్‌కి ఏ కొత్త స్టాండూ పట్టట్లేదు

షికాగోలో తయారైన పాత ష్విన్ సైకిళ్ళు చాలావాటికి స్టాండ్ గొట్టం ఫ్రేమ్‌కే వెల్డ్ అయి ఉంటుంది, లోపల గట్టి స్ప్రింగ్, ఒక పిన్ను ఉంటాయి. ఆ గొట్టం కొయ్యొద్దు, అదే రకం పాత స్టాండ్ వెతికి వేసుకోండి. స్ప్రింగ్ నొక్కడానికి ప్రత్యేకమైన టూల్ ఉంది, కంటికి రక్షణ అద్దాలు పెట్టుకోకుండా దాని జోలికి వెళ్ళకండి.

ఇసుకలో, గడ్డిలో దిగబడుతోంది

స్టాండ్ కాలు సన్నగా ఉంటుంది, మెత్తటి నేల ఆపలేదు. అడుగున తొడిగే వెడల్పాటి రబ్బరు బిళ్ళ తెచ్చుకోండి, అప్పటిదాకా కాలి కింద పెట్టడానికి బుట్టలో ఒక చెక్క ముక్క వేసుకుంటే చాలు.