నాలుక గీసుకోకుండా రండి: చైనా వైద్యంలో జబ్బు తీరు పట్టుకోవడం

పాలకొల్లులో మా ఇంటి ముందుగదిలో 18 ఏళ్ళుగా చైనావాళ్ళ సూదుల వైద్యం (ఆక్యుపంక్చర్) చేస్తున్నాను. ఇప్పుడు ముగ్గురు ఆడపిల్లలు నా దగ్గర నేర్చుకుంటున్నారు. మొదటి రోజే వాళ్ళు అడిగింది, "మేడమ్, తలనొప్పికి ఏ పాయింట్?" అని. పాయింట్ అంటే సూది గుచ్చే చోటు. తలనొప్పికంటూ పాయింట్ ఏమీ లేదమ్మా, ముందు ఆ మనిషిలో జబ్బు ఏ తీరున నడుస్తోందో తేల్చుకోవాలి, ఆ తర్వాతే సూది అన్నాను. చైనావాళ్ళు దాన్ని 'జెంగ్' అంటారు. నేను 'తీరు' అంటాను. ఒకే జబ్బుకి నాలుగు తీరులుండొచ్చు, నాలుగు జబ్బులకి ఒకటే తీరుండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణ 11వ కూర్పులో, 26వ అధ్యాయంలో ఈ తీరులకీ నంబర్లు వేశారు. అది లెక్కలు రాసుకోడానికి చేసిన ఏర్పాటే గానీ ఈ వైద్యానికి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. ఆ తేడా పిల్లలకి ముందే చెప్పేశాను.

తీరు పట్టుకోడానికి దారులు నాలుగు: చూడటం, వినడం, అడగటం, తాకడం. వినడానికి చైనీయులు వాడే 'వెన్' అనే మాటలోనే వాసన చూడటం కూడా ఉంది. గొంతు నీరసంగా ఉందా, దగ్గులో కఫం గరగరలాడుతోందా, నోరు వాసనొస్తోందా అన్నవి మనిషి గుమ్మంలోకి వచ్చేలోపే సగం తెలిసిపోతాయి. నేను ఎక్కువసేపు ఆగేది నాలుక దగ్గర.

రేపు వస్తామని ఫోన్ చేసినవాళ్ళందరికీ ఒకటే చెబుతాను: "పొద్దున్నే రండి. పళ్ళు తోముకోండి గానీ నాలుక గీసుకోకండి. కాఫీ తాగొద్దు, కిళ్ళీ వేసుకోవద్దు." మన వైపు కొబ్బరి ఈనెతోనో, చీల్చిన వేపపుల్లతోనో నాలుక గీసుకోకుండా పొద్దు మొదలవదు. మంచి అలవాటే. కానీ చైనా వైద్యుడు కడుపు సంగతి చదివేది నాలుక మీద పాచిలోనే. దాన్ని మనం పెరట్లోనే గీకి పారేసి వస్తాం. ఒక్క పూట గీసుకోకుండా రమ్మంటే చాలు.

ఇది నాకు నొప్పి తగిలాకే వంటబట్టింది. మొదటి ఏడాది ఒక పెద్దాయన అజీర్తి అంటూ వచ్చారు. చుట్ట తాగుతారు, వచ్చే ముందు కాఫీ కూడా తాగారట. నాలుక మధ్యలో పసుప్పచ్చటి పాచి చూసి లోపల వేడీ చెమ్మా కలిశాయనుకున్నాను. మజ్జిగా సబ్జా నీళ్ళూ బాగా తాగమన్నాను. నాలుగు రోజులు విరోచనాలై మనిషి వడలిపోయారు. రెండోసారి పరగడుపున, చుట్ట ముట్టకుండా రమ్మన్నాను. చూస్తే పాచి తెల్లగా తడితడిగా ఉంది. "మీరు ఎలాంటి నీళ్ళు తాగుతారు బాబాయ్?" అని అప్పుడడిగాను. "ఎండాకాలంలో కూడా వేణ్ణీళ్ళేనమ్మా" అన్నారు. ఆ ఒక్క ప్రశ్న మొదటి రోజే అడిగుంటే ఆయన్ని చల్లదనం వైపు తోసేదాన్ని కాదు.

నాలుక చూసేటప్పుడు వెలుతురు ముఖ్యం. అరుగు మీద పగటి వెలుగులో చూడండి. వానకని కట్టిన నీలం పరదా కింద చూస్తే ఎవరి నాలుకైనా ఊదారంగులోనే కనిపిస్తుంది. ఊదారంగంటే రక్తం నిలిచిపోయిందని అర్థం, పెద్ద మాట అది. నాలుక బలవంతంగా చాపించొద్దు, ఎక్కువసేపు పట్టించొద్దు. అలా పట్టుకుంటే రంగు దానంతటదే ముదురుతుంది. నాలుగైదు క్షణాలు చూసి, లోపల పెట్టించి, మళ్ళీ చూడండి.

ముందు నాలుక కండ చూడాలి, తర్వాత పాచి. లేత ఎరుపు కండ, పల్చటి తెల్ల పాచి అయితే బాగున్నట్టు. కండ పాలిపోయి ఉబ్బి, అంచుల్లో పళ్ళ అచ్చులు పడితే ప్లీహం బలం తగ్గింది, చెమ్మ నిలిచింది. పాచి తెల్లగా జిగురుగా ఉంటే చెమ్మకి చలువ తోడైంది, పచ్చగా జిగురుగా ఉంటే వేడి తోడైంది. కండ ఎర్రగా ఉండి పాచే లేకపోతే లోపలి తడి ఆరిపోతోంది. ఇక చోట్లు: కొన గుండెది, మధ్యభాగం ప్లీహానిదీ కడుపుదీ, రెండు పక్కలూ కాలేయానివి, మొదలు మూత్రపిండాలది. ప్లీహం, కాలేయం అన్నప్పుడు స్కానింగులో కనిపించేవాటిని ఊహించుకోకండి. చైనా శాస్త్రంలో ప్లీహమంటే తిన్నది సారంగా మార్చి ఒళ్ళంతా పంపే పనికి పెట్టిన పేరు.

నాడి ఓపిక పని. సైకిలు తొక్కుకుంటూ వచ్చిన మనిషిని పావుగంట కూర్చోబెట్టండి. మడతపెట్టిన తువ్వాలు మీద, గుండె ఎత్తులో చెయ్యి పెట్టించండి. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎముక గుబ్బ తగులుతుంది. దానికి లోపలి పక్కన నడిమి వేలు ఆనించండి. ఆ చోటు 'గ్వాన్'. చూపుడువేలు మణికట్టు ముడత వైపు, ఉంగరపువేలు మోచేతి వైపు. ఎడమ చేతిలో వరసగా గుండె, కాలేయం, మూత్రపిండం. కుడి చేతిలో ఊపిరితిత్తులు, ప్లీహం, మళ్ళీ మూత్రపిండం. ముందు ఊరికే ఆనించి, తర్వాత కొంచెం నొక్కి, ఆఖర్న లోతుగా నొక్కి మూడు మెట్లలోనూ చూడాలి. లెక్కకి గడియారం వద్దు, మీ ఊపిరి చాలు. మీరొకసారి ఊపిరి పీల్చి వదిలేలోపు 4, 5 సార్లు కొట్టుకుంటే మామూలు నాడి. 3 అయితే నెమ్మది, 6 అయితే వేగం. 50 దెబ్బలు లెక్కపెట్టకుండా వేళ్ళు తియ్యొద్దని పాతకాలం నాటి నియమం.

1564లో చైనా వైద్యుడు లీ షిజెన్ 27 రకాల నాడుల్ని పద్యాల్లో వివరించాడు. మొదటి ఏడాది మీకు ఎనిమిది తెలిస్తే చాలు. తేలే నాడి నీళ్ళమీద చెక్కలా ఉంటుంది, మునిగే నాడి నీళ్ళడుగున రాయిలా. నెమ్మదీ వేగమూ చెప్పాను. తీగనాడి తంబుర తీగలా బిగుసుకుని వేలికి తగులుతుంది, అది కాలేయానిది, నొప్పిది. జారే నాడి పళ్ళెంలో ముత్యాలు దొర్లినట్టు పోతుంది, అది చెమ్మది, కఫానిది. మెత్తనాడి నీళ్ళలో తేలే గుడ్డలాంటిది, నొక్కితే మాయమవుతుంది. సన్ననాడి దారంలా ఉంటుంది. ఒక జాగ్రత్త: గర్భిణికి జారే నాడి మామూలే, జబ్బు కాదు. అందుకే పెళ్ళయిన ఆడవాళ్ళని నెల తప్పిందేమో అడగకుండా సూది తియ్యకండి. గర్భిణికి గుచ్చకూడని పాయింట్లున్నాయి.

అడగాల్సినవాటికి మింగ్ రాజవంశం కాలపు చైనా వైద్యుడు జాంగ్ జియెబిన్ పది ప్రశ్నల వరస పెట్టాడు: చలీ వేడీ, చెమట, తలా ఒళ్ళూ, విరోచనం, తిండి, ఛాతీ, చెవులు, దాహం అలా. పదీ ముఖ్యమే, కానీ మనవాళ్ళ దగ్గర రెండు గట్టిగా అడగాలి. దాహం ఉందా అంటే అందరూ ఉందనే అంటారు. "గ్లాసెడు తాగాలనిపిస్తుందా, నోరు తడుపుకుంటే చాలా? కుండనీళ్ళా, వేణ్ణీళ్ళా?" అని విడదీసి అడగండి. రెండోది విరోచనం. ఆడవాళ్ళు మొగవాళ్ళ ముందు చెప్పరు. లోపలి గదిలోకి తీసుకెళ్ళి, జిగురుగా అంటుకుంటోందా, పూర్తిగా అయినట్టుంటుందా అని మెల్లగా అడగండి. చెమ్మ ఉంటే అక్కడే బయటపడుతుంది.

దొరికినవన్నీ నాలుగు జంటల్లో సర్దాలి: జబ్బు పైపైనా లోపలా, చలువా వేడా, బలహీనతా (బలం తగ్గడమా) అతిశయమా (ఎక్కువై పేరుకోవడమా), ఈ మూడూ కలిసి యిన్ (లోపల, చలువ, బలహీనత) వైపా యాంగ్ (పైపైన, వేడి, అతిశయం) వైపా. ముసురు రోజుల్లో జ్వరం, చలి ఒకేసారి మొదలైతే శాస్త్రం ప్రకారం అది పైపైన ఉన్న తీరు. మన కాలవగట్ల ఊళ్ళలో మాత్రం జ్వరమంటే ముందు రక్తపరీక్షకి పంపండి. డెంగీ, టైఫాయిడ్ నాలుక చూసి తేల్చేవి కావు. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, మాట తడబడటం, మూతి వంకర, గుండెల్లో నొప్పి ఉంటే నాడి కూడా పట్టకుండా ఆసుపత్రికి ఎక్కించాలి.

ఇప్పుడు అసలు పని. పోయిన భాద్రపదంలో ఒకే వారంలో ఇద్దరు తలనొప్పితో వచ్చారు.

మొదటాయన భీమవరం వైపు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. "తలకి తడి తుండు చుట్టినట్టుందండి, ఆయ్" అన్నారు. నా ఒళ్ళు ఝల్లుమంది. చెమ్మ వల్ల తల గుడ్డ చుట్టినట్టుంటుందని రెండు వేల ఏళ్ళనాటి చైనా వైద్యగ్రంథంలో ఉన్న మాటే అది. కాళ్ళు బరువు, ముసురు పడితే ఎక్కువ, తింటే కడుపుబ్బరం, దాహం లేదు. నాలుక పాలిపోయి ఉబ్బింది, అంచుల్లో పళ్ళ అచ్చులు, మధ్యలో తెల్ల జిగురు పాచి. నాడి జారుతోంది, కుడి గ్వాన్ మెత్తన. ప్లీహం బలహీనపడి చెమ్మ, కఫం పైకెక్కిన తీరు ఇది. కాలి మీద ఫెంగ్‌లోంగ్, యిన్‌లింగ్‌చువాన్, పొట్ట మీద జోంగ్‌వాన్ అనే పాయింట్లలో సూదులు పెట్టాను. రాత్రి డ్యూటీలో తినే మైసూరు బజ్జీలూ కూల్‌డ్రింకూ మానమన్నాను.

రెండో ఆవిడ నర్సాపురం పక్క పల్లెలో లేసు అల్లుతారు. ఆర్డరు గడువు దగ్గర పడింది. కణతల దగ్గర దడదడ కొట్టుకునే నొప్పి, కోపమొస్తే ఎక్కువ, పొద్దున్నే నోరు చేదు, నిద్ర లేదు. నాలుక పక్కలు ఎర్రన, పాచి పల్చగా పసుపు, ఎడమ గ్వాన్‌లో తీగనాడి. కాలేయపు యాంగ్ పైకి ఎగదన్నిన తీరు. బీపీ మిషను పెడితే 160/100 ఉంది. ముందు డాక్టరుగారి దగ్గరికి పంపి, మాత్రలు మొదలయ్యాక పాదం మీద తాయ్‌చోంగ్, మెడ వెనక ఫెంగ్‌చీ పెట్టాను. ఆయనకి పెట్టిన సూదుల్లో ఒక్కటీ ఈవిడకి పెట్టలేదు.

మా పిల్లల్లో ఒకమ్మాయి, "ఆవిడదీ గోదావరి చెమ్మే కదా మేడమ్?" అంది. అలా అనుకోవడమే ఇక్కడ పెద్ద ప్రమాదం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఈ నేలంతా కాలవలు, వరిచేలు, ఇప్పుడు చెరువులు. గోడలకీ పుస్తకాలకీ చెమ్మే. అలాగని ప్రతి ఒంటికీ చెమ్మ అంటగట్టకూడదు. చెమ్మ గుణం బరువు, జిగురు, కిందికి దిగడం, ఓ పట్టాన వదలకపోవడం. ఇవి ఆ మనిషిలో కనిపించాలి గానీ ఊళ్ళో కనిపిస్తే చాలదు. ఇంకొకమ్మాయి చెమ్మంటే కఫదోషమే కదా అంది. కొన్నిచోట్ల పోలిక ఉంటుంది, కానీ ఈ శాస్త్రాన్ని ఈ శాస్త్రంలోనే నేర్చుకోవాలి. రెండూ కలిపితే రెండూ పాడవుతాయి.

నాలుక ఒకటి, నాడి ఇంకొకటి చెబితే? కనీసం మూడు గుర్తులు ఒక మాట మీదికి వచ్చేదాకా తీరుకి పేరు పెట్టకండి. నాడి నడకతో, భయంతో మారిపోతుంది. నాలుక కండ అంత తొందరగా మారదు. పాతజబ్బుల్లో నేను కండవైపే మొగ్గుతాను. వేడి వేడి అంటూనే దుప్పటి కప్పుకుని వేణ్ణీళ్ళు అడిగే మనిషిని నమ్మాల్సింది మాటని కాదు, దుప్పటిని.

నోట్‌బుక్కులో ప్రతి మనిషికీ ఒక్క వాక్యం రాయండి: ఎక్కడ, ఏ గుణం, బలహీనతా అతిశయమా. కింద ఆ రోజు నాలుక బొమ్మ పెన్సిలుతో గియ్యండి. చెరువాయన పేజీలో, "ప్లీహం, చెమ్మ-కఫం, లోపల బలహీనత, పైన అతిశయం" అని ఉంది. ఐదోసారి వచ్చేసరికి తల తేలికైందన్నారు. బొమ్మ పక్కన బొమ్మ గీస్తే మధ్యలో పాచి పల్చబడింది గానీ అంచుల్లో అచ్చులు అలాగే ఉన్నాయి. అంటే చెమ్మ దిగింది, బలం ఇంకా రాలేదు. ఆ రోజు నుంచి ఫెంగ్‌లోంగ్ తీసేసి మోకాలి కింద నాలుగు వేళ్ళ దూరంలో జుసాన్‌లీ పెట్టాను. అచ్చులు పోవడానికి కార్తీకం దాకా పట్టింది.