గిటార్ ప్రాసెసర్‌లో గొంతు, సింథ్: నేను రికార్డు చేసే పద్ధతి

మా పిన్ని పిఠాపురం నుంచి వచ్చినప్పుడు ఆమె చేత ఒక నాట్ల పాట పాడించి, ఆ గొంతును గిటార్ ప్రాసెసర్ (గిటార్ శబ్దానికి ప్రతిధ్వని లాంటి ఎఫెక్టులు కలిపే పెట్టె) గుండా పంపి వినిపించాను. రెండు చరణాలు విని హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "ఒరే, నేను నూతిలో పడి పాడుతున్నట్టుందిరా. గట్టు అన్న మాట ఎటు పోయింది?" అంది. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. దానికి జవాబు వెతుకుతూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో గిటార్ ప్రాసెసర్ ఉండి, దాన్ని పాటకూ సింథ్‌కూ (సింథసైజర్, అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డు వాద్యం) వాడాలని ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుంది.

కాకినాడలో మా మేడ మీది పది అడుగుల గది నా స్టూడియో. అందులో లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్ ప్రాసెసర్, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 4ఐ4 ఇంటర్‌ఫేస్ (మైకును, వాద్యాలను కంప్యూటర్‌కు కలిపే పెట్టె), షూర్ ఎస్ఎమ్ 58 మైకు, కోర్గ్ మినీలాగ్ సింథ్, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ ఉన్నాయి. మీ దగ్గర వేరే కంపెనీ పెట్టెలున్నా పద్ధతి ఇదే. గిటార్ పెట్టెను ఇతర వాద్యాలకు వాడటం కొత్త ముచ్చటేమీ కాదు. 1970లలో జమైకాలోని కింగ్‌స్టన్‌లో రెగే సంగీత నిర్మాత లీ పెర్రీ తన బ్లాక్ ఆర్క్ స్టూడియోలో మ్యూట్రాన్ ఫేజర్‌నూ (శబ్దాన్ని సుడి తిప్పే పెట్టె), రోలాండ్ స్పేస్ ఎకోనూ (టేపుతో ప్రతిధ్వని పుట్టించే పెట్టె) గిటారుకే పరిమితం చేయకుండా వాడి, ఒక కొత్త శబ్దలోకాన్నే సృష్టించాడు.

ముందు లెవెల్ (శబ్ద సంకేతం బలం) సంగతి తేల్చుకోవాలి. ఇక్కడ తప్పితే ఆ తర్వాత ఎంత మంచి రివర్బ్ (గది ప్రతిధ్వని) పెట్టినా లాభం లేదు. మైకు నుంచి వచ్చే వోల్టేజి మామూలు పాటకు ఒకటి రెండు మిల్లీవోల్టులు. గిటార్ పికప్ నుంచి వచ్చేది దాదాపు వంద మిల్లీవోల్టులు, గట్టిగా మీటితే ఇంకా ఎక్కువ. స్టూడియో పరికరాల మధ్య నడిచే లైన్ లెవెల్ 1.23 వోల్టులు. ప్రాసెసర్ గిటార్ జాక్ ఈ మూడింటిలో మధ్యదాని కోసం తయారైంది. మైకును మామూలు తీగతో నేరుగా అందులో పెడితే గొంతు సన్నగా, వెనక బుస్సుమనే చప్పుడుతో వస్తుంది. గొంతు పెరగాలని గెయిన్ (సంకేతాన్ని పెంచే మీట) పెంచితే చప్పుడే పెరుగుతుంది. నా మొదటి వారం ఇలాగే గడిచిపోయింది. సింథ్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పూర్తి వాల్యూమ్‌తో పెడితే శబ్దం లోపలికి వెళ్లేచోటే చిరిగిపోతుంది. ఆ చిరుగు తర్వాత ఏం చేసినా పోదు.

అందుకే నేను గొంతును ఎప్పుడూ ప్రాసెసర్‌లోకి నేరుగా పంపను. మైకు ఇంటర్‌ఫేస్ ప్రీయాంప్‌లోకి (మైకు సంకేతాన్ని పెంచే భాగం) వెళ్తుంది, అక్కడ శుభ్రంగా, ఏ ఎఫెక్టూ లేకుండా రికార్డవుతుంది. పాట పూర్తయ్యాక ఆ ట్రాక్‌ను ఇంటర్‌ఫేస్ 3, 4 అవుట్‌పుట్‌ల నుంచి ప్రాసెసర్‌లోకి పంపుతాను. ప్రాసెసర్ అవుట్‌పుట్‌లను ఇంటర్‌ఫేస్ వెనక ఉన్న 3, 4 లైన్ ఇన్‌పుట్‌లకు కలిపి, తిరిగి వచ్చిన శబ్దాన్ని మరో స్టీరియో ట్రాక్‌లో రికార్డు చేస్తాను. రెండే అవుట్‌పుట్‌లున్న ఇంటర్‌ఫేస్‌తో ఇది ఇబ్బంది, ఎందుకంటే ఆ రెండూ స్పీకర్లకే సరిపోతాయి. అలాంటప్పుడు ప్రాసెసర్‌నే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌గా వాడుకోవచ్చు. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఒకటే: పాడేవాళ్లను మళ్లీ మళ్లీ పాడించకుండా, అర్ధరాత్రి కూర్చుని ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు.

హెచ్‌ఎక్స్ స్టాంప్‌లో గ్లోబల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇన్‌పుట్ లెవెల్‌ను ఇన్‌స్ట్రుమెంట్ నుంచి లైన్‌కు మార్చండి. మళ్లీ గిటార్ పెట్టేటప్పుడు వెనక్కి మార్చడం మరచిపోకండి. మీ పెట్టెలో ఆ సదుపాయం లేకపోతే రీపర్‌లో పంపే లెవెల్‌ను మైనస్ 15 డీబీ (డెసిబెల్, శబ్ద స్థాయి కొలత) దగ్గర మొదలుపెట్టి, పాటలో అన్నిటికన్నా గట్టిగా పాడిన చోటును పదేపదే వినిపిస్తూ కొద్దికొద్దిగా పెంచండి. చిరుగు వినబడిన చోటు నుంచి 6 డీబీ వెనక్కి రండి. రీయాంప్ బాక్స్ అనే చిన్న డబ్బా ఈ పనికోసమే ఉంది. అది లైన్ లెవెల్‌ను గిటార్ లెవెల్‌కు దించుతుంది. పాత అనలాగ్ ఫజ్ పెడల్స్ (శబ్దాన్ని గరగరలాడించే పెట్టెలు) వాడేవాళ్లకు అది తప్పనిసరి.

ఇంకో మాట. ప్రాసెసర్ అవుట్‌పుట్‌ను మైకు ఇన్‌పుట్‌లో పెట్టాల్సి వస్తే ముందు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకుకు ఇంటర్‌ఫేస్ పంపే కరెంటు) ఆపండి. అది వెనక్కి వెళ్లి పెట్టెను పాడుచేయగలదు.

రివర్బ్, డిలే (శబ్దాన్ని కొంత ఆగి తిరిగి వినిపించేది) బ్లాకుల్లో, అంటే ప్రాసెసర్‌లోని ఆ ఎఫెక్టుల్లో, మిక్స్‌ను 100 శాతం పెట్టండి. అసలు గొంతు కంప్యూటర్‌లో ఉంది కాబట్టి ప్రాసెసర్ నుంచి ప్రతిధ్వని మాత్రమే రావాలి. రెండింటి పాళ్లు రీపర్‌లో కలుపుకోవాలి. కోరస్ (ఒక గొంతును పలు గొంతులుగా వినిపించేది), డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకు చేసేది) ఎఫెక్టులను ఇలా పక్కన కలిపేటప్పుడు మాత్రం ఆలస్యాన్ని గమనించాలి. శబ్దం బయటికి వెళ్లి తిరిగి రావడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఒకే శబ్దం 1 మిల్లీసెకను తేడాతో కలిసినా 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర గోతులు పడి, గొంతు గొట్టంలోంచి వచ్చినట్టు అవుతుంది. రీపర్‌లోని రీయాఇన్సర్ట్ అనే సాధనం ఆ ఆలస్యాన్ని తానే కొలిచి సరిచేస్తుంది. అది లేనివాళ్లు ఒక చిటిక శబ్దాన్ని పంపి, తిరిగి వచ్చిన ట్రాక్‌ను చేత్తో జరిపి సరిపెట్టుకోవచ్చు.

ఇక పిన్ని అడిగిన గట్టు దగ్గరకు వస్తాను. ఆ మాటను తెర మీద పెద్దది చేసి చూశాను. 'గ' తర్వాత 'ట్టు' పలికేలోపు నాలుక అంగిటికి అతుక్కుని గాలి ఆగుతుంది. తెర మీద అది చదునైన గీతగా కనబడింది. ఆమె నిదానంగా పాడింది కాబట్టి ఆ మౌనం దాదాపు 150 మిల్లీసెకన్లు ఉంది. ఆ మౌనమే ద్విత్వం. అది పూడిపోతే అట్టు, అటు ఒకటైపోతాయి. నేను పెట్టిన రివర్బ్ డికే 3 సెకన్లు. డికే అంటే ప్రతిధ్వని 60 డీబీ తగ్గడానికి పట్టే కాలం. అంటే సెకనుకు 20 డీబీ, ఆ మౌనం నడిచేంతలో తగ్గేది 3 డీబీ మాత్రమే. ముందున్న అచ్చు మోత ఆ ఖాళీనంతా నింపేసింది. డికేను 1.2 సెకన్లకు తెస్తే అదే వ్యవధిలో 7.5 డీబీ తగ్గుతుంది. మాటకు ఊపిరి దొరుకుతుంది.

దానికి తోడు ప్రీడిలే 40 మిల్లీసెకన్లు పెట్టాను. 'ట్టు' విచ్చుకునే చప్పుడు ముందు స్పష్టంగా వినబడి, ఆ తర్వాతే ప్రతిధ్వని మొదలవుతుంది. రివర్బ్‌లో 250 హెర్ట్జ్ కింద, 6 కిలోహెర్ట్జ్ పైన కోసేశాను. పైన కోయకపోతే స, శ, ష, చ పలికిన ప్రతిసారీ ఇసుక చల్లినట్టుంటుంది. ఈసారి పిన్ని కళ్లు మూసుకుని చివరిదాకా విని, "ఇప్పుడు గట్టు మీద నిలబడ్డాను" అంది. కంపెనీ ముందే అమర్చి ఇచ్చే ప్రీసెట్లలోని పెద్ద పెద్ద హాళ్ల రివర్బ్‌లు గిటారుకు సొంపుగానే ఉంటాయి. తెలుగు పాటకు మాత్రం మొదట ఆ డికేను సగానికి కోయండి.

తెలుగు మాటల్లో ఎక్కువ భాగం అచ్చుతో ముగుస్తాయి. ఇది డిలేకు వరం. పాదం చివర సాగే అచ్చు ప్రతిధ్వనిలోకి మెత్తగా జారిపోతుంది. అయితే పాట నడుస్తున్నంతసేపూ డిలే మోగితే మాటలు ఒకదానిమీద ఒకటి పడతాయి. అందుకని హెచ్‌ఎక్స్‌లో డక్డ్ డిలే వాడతాను. పాడుతున్నప్పుడు అది తగ్గి ఉంటుంది, పాదం ఆగగానే పైకి లేస్తుంది.

డిలే కాలాన్ని చెవితో కాక లెక్కతో పెట్టండి. 60,000ను టెంపోతో భాగిస్తే ఒక దెబ్బకు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. పిన్ని పాట నిమిషానికి 84 దెబ్బలు, కాబట్టి దెబ్బకు 714. గిటారువాళ్లకు ఇష్టమైన ముప్పావు దెబ్బ లెక్కన 536 పెడితే పాట తడబడింది. కారణం, ఆ లెక్క దెబ్బను నాలుగుగా విడగొట్టే నడకకు చెందింది. నాట్ల పాటది తిశ్ర నడక, దెబ్బకు మూడు. మూడింట రెండు వంతులు, అంటే 476 పెట్టగానే ప్రతిధ్వని వెనక నిలబడి వంతపాడేవాళ్లలా కలిసిపోయింది. మన జానపదాల్లో తిశ్రం ఎక్కువ కాబట్టి ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి.

హార్మొనీ బ్లాకుల (పాడిన స్వరానికి తోడు స్వరం కలిపే ఎఫెక్టుల) విషయంలో నేను జాగ్రత్తగా ఉంటాను. స్వరం నిలకడగా ఉన్నచోట అవి బాగా పనిచేస్తాయి. గమకం పడితే ఏ స్వరమో తేల్చుకోలేక తడబడతాయి. నేను పాదం చివర నిలిపిన స్వరాలకే దాన్ని తెరుస్తాను. స్కేలు ఎంచుకోవాల్సి వస్తే శంకరాభరణానికి మేజర్, మోహనకు మేజర్ పెంటటోనిక్ సరిపోతాయి.

గొంతుకు ఆంప్, క్యాబినెట్ బ్లాకులు (గిటార్ ఆంప్లిఫయర్‌నూ స్పీకర్ పెట్టెనూ అనుకరించేవి) తీసేయండి. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు ఏమీ పలకదు, గొంతులోని తేట అంతా పోతుంది. పాత రేడియోలోంచి వచ్చినట్టు కావాలంటే మాత్రం అదే మంచి సాధనం.

సింథ్ పని సులువు. మినీలాగ్ వాల్యూమ్ సగం పెట్టి, లైన్ లెవెల్‌లో నేరుగా ప్రాసెసర్‌కు కలుపుతాను. దానికి ఉన్నది ఒకటే మోనో అవుట్‌పుట్. ప్రాసెసర్‌లో స్టీరియో కోరస్ పెట్టగానే ఆ ఒక్క తీగ శబ్దం గది నిండా పరుచుకుంటుంది. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు పులకరించింది. గొంతుకు పనికిరాని క్యాబినెట్ బ్లాకు ఇక్కడ అద్భుతం. సింథ్ శబ్దంలోని గాజు పెంకుల్లాంటి పదును తగ్గి, చెక్కపెట్టెలో మోగినట్టు వెచ్చగా వస్తుంది.

డిస్టార్షన్‌ను మాత్రం తక్కువ స్వరాలకే వాడాలి. ఒక స్వరం, లేదా స, ప జంట బాగుంటాయి. వాటి తేడా నుంచి పుట్టే కొత్త స్వరం కింది స్థాయి షడ్జమే కాబట్టి శ్రుతిలో కలిసిపోతుంది. స, గ, ప మూడూ నొక్కితే ఒకదానితో ఒకటి గుద్దుకుని బురదగా మారుతుంది. అలా కలిసి మోగే స్వరాల గుంపు (కార్డ్) కావాలంటే ఒక్కొక్క స్వరాన్ని విడివిడిగా డిస్టార్షన్ గుండా పంపి, వేర్వేరు ట్రాకుల్లో రికార్డు చేసి కలపండి. శ్రమే కానీ ఫలితం చూశాక ఆ గంట వృథా అనిపించదు. బేస్ భాగంలో 150 హెర్ట్జ్ కింద కోరస్ తగలనివ్వకండి, అడుగు కదిలిపోతుంది.

గుయ్యిమనే మోత వస్తే అది మన కరెంటు 50 హెర్ట్జ్ మోత. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి వినండి. మోత ఆగితే దోషి దొరికినట్టే. అన్నింటినీ ఒకే ప్లగ్ బోర్డు మీద పెట్టండి. అప్పటికీ పోకపోతే గ్రౌండ్ లిఫ్ట్ (సంకేతపు తీగలో ఎర్త్ కలయికను తెంపే స్విచ్చు) ఉన్న డీఐ బాక్స్ అనే చిన్న డబ్బాను మధ్యలో పెట్టండి. ప్లగ్ ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ విరగ్గొట్టకండి, అది మన ప్రాణానికి కాపలా. హెచ్‌ఎక్స్ స్టాంప్‌కు 9 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు కావాలి, దానితో వచ్చిన అడాప్టరే వాడండి.

నచ్చిన శబ్దం దొరికిన వెంటనే దాన్ని ఆడియో ట్రాక్‌గా రికార్డు చేసేయండి. డ్రై ట్రాక్‌ను (ఎఫెక్టు లేని అసలు రికార్డు) పక్కన మూసి ఉంచండి, చెరపకండి. ట్రాక్ పేరులోనే టెంపో, ప్యాచ్ (ప్రాసెసర్‌లో దాచుకున్న అమరిక) నంబరు, పంపిన లెవెల్ రాసుకోండి. నా దగ్గర పిన్ని ట్రాక్ పేరు ఇలా ఉంది: నాట్లు 84, డిలే 476, రివర్బ్ 1.2, పంపింది మైనస్ 12.