డ్రోన్‌తో పొలం కొలవాలంటే: గుర్తులు పెట్టాకే ఎగరేయండి

డ్రోన్ పటాన్ని ఎఫ్ఎంబీ (సర్వే శాఖ పొలం కొలతల పటం) మీద పరిస్తే గట్టు రెండు మీటర్లు పక్కకి జరిగిందని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వంద మీటర్ల గట్టు రెండు మీటర్లు జరిగిందంటే ఐదు సెంట్లు పోయినట్టే. లోపం డ్రోన్‌లో లేదు. నేల మీద పని ఎగ్గొట్టారు.

ముందుగా డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు. కోతలయ్యాకే దిగండి, పైరుంటే గట్లు కనపడవు.

ఇక పటాన్ని నేల కొలతలకు సరిగ్గా అతికించే గుర్తులు. ఇక్కడ తొందర పడొద్దు. రెండడుగుల నలుపు తెలుపు రెక్సిన్ ముక్కలు తీసుకుని నాలుగు మూలలా మేకులు కొట్టండి. గాలికి అంచు లేచినా, గేదె తొక్కి జరిపినా ఆ గుర్తు పనికిరాదు, మళ్లీ కొలవాల్సిందే. చెట్టు కింద పెట్టకండి. రోవర్ (స్థానం కొలిచే జీపీఎస్ లాంటి పరికరం) కర్ర మొన సరిగ్గా గుర్తు నడి చుక్క మీద ఉండాలి, కర్ర నిటారుగా ఉందో లేదో చూపే బుడగ మధ్యలో నిలిచాకే రీడింగ్ తీసుకోండి.

చాలామంది నాలుగు మూలల్లో పెట్టి సరిపెట్టేస్తారు. అప్పుడు పటం మధ్యలో బోర్లించిన మూకుడులా ఉబ్బుతుంది. హద్దులకైతే అంతగా తెలియదు కానీ, ఫారం పాండ్ కోసం వాలు చూసేవాళ్లు నీరు ఎటు పారుతుందో తప్పు లెక్కేస్తారు. మధ్యలో ఒకటి, పల్లంలో ఒకటి, మెరకలో ఒకటి తప్పనిసరి. చివర్లో పటాన్ని సరిచూసుకోడానికి ఇంకో రెండు పెట్టి కొలవండి, వాటిని ఫొటోలు అతికించే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఇవ్వకండి.

ఆర్‌టీకే డ్రోన్ (ఎగురుతూనే తన స్థానాన్ని సెంటీమీటర్ల తేడాలో సరిచేసుకునేది) ఉంటే గుర్తులెందుకని అమ్మేవాళ్లు చెబుతారు. దానికి సవరణలు పంపే నేల మీది పరికరాన్ని, అంటే బేస్‌ను, కచ్చితమైన స్థానం తెలియని చోట నిలబెడితే పటం మొత్తం ఒకేసారి జరిగిపోతుంది, లోపల మాత్రం చక్కగా అతికినట్టే ఉంటుంది. గుర్తు లేకపోతే ఆ తప్పు ఎవరికీ దొరకదు. ఊళ్లలో ఇళ్ల స్థలాలను డ్రోన్‌తో కొలిచే కేంద్ర స్వామిత్వ పథకంలో సైతం ఎగరేసే ముందు ఇళ్ల హద్దులకు సున్నం గీతలు వేస్తారు. మీరూ సర్వే రాళ్ల తలలకు సున్నం పూయండి.

ఎగరేసేది 80 మీటర్ల ఎత్తులోనే. 120లో పని త్వరగా అవుతుంది గానీ ఫొటోలో రాయి తల నాలుగైదు చుక్కలకు (పిక్సెళ్లకు) కుంచించుకుపోతుంది. ఫొటోలు ముందుకు 80 శాతం, పక్కకు 70 శాతం ఒకదానిమీదొకటి పడాలి.

సాఫ్ట్‌వేర్‌లో యూటీఎం జోన్ (భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి ఇచ్చిన నంబరు) చూసుకోండి. కడప, నల్గొండ 44లో ఉంటాయి, అనంతపురం, ఆదోని 43లోకి వెళ్తాయి, ఇచ్ఛాపురం 45లో పడుతుంది. చివరగా, పక్కన పెట్టిన ఆ రెండు గుర్తుల దగ్గర తేడా ఐదు సెంటీమీటర్లు దాటితే ఆ పటం ఎవరి చేతికీ ఇవ్వకండి.