ఊళ్లో కొళాయి మాటిమాటికీ మొరాయిస్తుంటే

ఇంటింటికీ పైపు వేయడం ఒక ఎత్తు, పదేళ్లు నీళ్లు రప్పించడం మరో ఎత్తు. పంచాయతీలకు తరచూ వచ్చే ఫిర్యాదులు ఇవీ.

సమస్య: చివరి వీధికి చుక్క రాదు.

ముందు ట్యాంకు నిండుతోందో లేదో చూడండి. నిండుతుంటే బోరును తిట్టి లాభం లేదు. మొదటి వీధుల్లో కొళాయికి మోటారు పెట్టి లాగేస్తుంటారు, ట్యాప్ విరిగిన చోట నీళ్లు మోరీ పాలవుతుంటాయి. పైగా అన్ని వీధులకూ ఒకేసారి వాల్వు తిప్పితే ప్రెషర్ చివరిదాకా నిలవదు.

పరిష్కారం: వీధులవారీగా వేళలు పెట్టి, చివరి వీధికే ముందు వదలండి. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. నలుగురున్న ఇంటికి 220, అంటే 20 లీటర్ల బకెట్లు 11. చివరి ఇంట్లో బకెట్ నిండటానికి 5 నిమిషాలు పడుతుంటే 55 నిమిషాలు వదలాలి. మోటార్ల సంగతి సర్పంచ్ ఒక్కరి మీద వేయకండి. వాటిలో ఒకటి వాళ్ల బావమరిదిదే కావచ్చు! గ్రామసభలో తీర్మానం చేసి అందరికీ ఒకే జరిమానా పెట్టండి.

సమస్య: బోరు మోటారు పదేపదే కాలిపోతోంది.

ఎండాకాలంలోనే కాలితే బోరులో నీళ్లు తగ్గి మోటారు ఒట్టిగా తిరుగుతుండొచ్చు. మిగతా రోజుల్లో అయితే లో వోల్టేజీనో, ఒక ఫేజ్ పోవడమో చూడాలి. స్టార్టర్‌లో వీటికి రక్షణ పెట్టించకుండా వైండింగ్ చేయించడం డబ్బు దండగ. 15వ ఆర్థిక సంఘం 2021–26కు పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించింది. అయినా మరమ్మతుకని కొంత విడిగా పెట్టుకోకపోతే మెకానిక్ దగ్గర అప్పే గతి.

సమస్య: వదిలిన కాసేపు మురికి నీళ్లు, వాసన.

సరఫరా ఆగినప్పుడు లీకైన పైపు బయటి మురికిని లోపలికి లాక్కుంటుంది. మోరీ దాటే కనెక్షన్లు ముందు వెతకండి. లీకు కట్టకుండా బ్లీచింగ్ ఎంత కలిపినా టెన్షన్ తీరదు. లీకు కట్టాక చివరి కొళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మూత తీసి ఉంచిన బ్లీచింగ్ సంచిలో పస ఉండదు.

సమస్య: మరుగుదొడ్డి గుంతలు రెండూ ఒకేసారి నిండాయి.

రెండు గుంతల్లో ఒకసారికి ఒకటే వాడాలి. దొడ్డి నుంచి వచ్చే పైపు రెండు గుంతలకూ చీలే చోటున్న జంక్షన్ చాంబర్‌లో ఒక దారి మూయలేదన్నమాట. ఒక గుంతను ఖాళీ చేయించి అటే వదలండి, రెండోదాన్ని కనీసం ఏడాది కదపకండి.

సమస్య: ఆపరేటర్ ఊరెళ్తే నీళ్లు బంద్.

ఏ వాల్వు ఎక్కడుందో ఆయనకొక్కడికే తెలుసు. ఆయన్నే వెంట తిప్పుకుని ప్రతి వాల్వుకూ నంబరు రాయించండి, మ్యాప్ గీసి పంచాయతీ గోడకు అంటించండి. రెండో మనిషికీ పని నేర్పించండి. జీతం నెలనెలా ఇవ్వకపోతే ఆ ఇద్దరూ నిలవరు.