బ్రేకు తొక్కితే ట్రాక్టర్ పక్కకు లాగుతోందా?

తోతాపురి కోతలు మొదలైతే చిత్తూరు వైపు ట్రాక్టర్లన్నీ తోటలు వదిలి రోడ్డెక్కుతాయి. అప్పుడు మొదలవుతుంది ఫిర్యాదు: "లోడుతో బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు గుంజుతోంది."

ముందు లాక్ చూడండి

మన దగ్గర ఎక్కువ ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే. కుడికాలి దగ్గరున్న రెండు పెడళ్ళు చెరో చక్రానివి. దున్నేటప్పుడు మలుపుల కోసం ఆ రెండింటినీ కలిపి పట్టే లాక్ తీస్తారు, మళ్ళీ వేసేవాళ్ళు తక్కువ. రోడ్డు మీద ఒక్క పెడలే పడితే ఒక్క చక్రమే ఆగుతుంది. వెనక లోడు తోస్తుంది, బండి అడ్డం తిరుగుతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఇది చూడకుండానే మెకానిక్ దగ్గరికి తెస్తారు.

లాక్ వేసినా లాగుతుంటే

అసలు మాయదారి రోగం ఇదే. తోటలో ఎప్పుడూ ఒకే పక్కకు తిప్పే అలవాటుంటే ఆ పక్క బ్రేకు ముందు అరుగుతుంది. లాక్ వేస్తే పెడళ్ళు రెండూ సమానంగానే కనిపిస్తాయి, లోపల మాత్రం అరిగిన వైపు ఆలస్యంగా పట్టుకుంటుంది. అందుకే బండి మీరు ఎక్కువగా తిప్పే పక్కకు కాక, అవతలి పక్కకు లాగుతుంది. ఖాళీగా మెల్లగా పోతే తెలియదు. కాయల లోడుతో మొగిలి ఘాటు దిగేటప్పుడే బయటపడుతుంది. అక్కడ డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్ళకు ఏం చెప్పాలో నాకు తెలియదు. చిన్న గేరులోనే దిగాలి.

సరిచేయడానికి ట్రాలీ విప్పి, చదును నేల మీద ఇంజన్ ఆపి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్ళు పెట్టండి. లాక్ తీసి ఒక్కో పెడలును చేత్తో నొక్కి, బిగువు తగిలేదాకా ఎంత దిగుతుందో స్కేలుతో కొలవండి. రెండూ ఒకటిగా, మీ మోడల్ పుస్తకంలో రాసిన కొలతకు రావాలి. పెడలు నుంచి బ్రేకుకు పోయే రాడ్డుకున్న చెక్ నట్ (అది కదలకుండా బిగించే నట్టు) వదులు చేసి సర్దండి. కష్టం ఎందుకని బాగున్న వైపును వదులు చేసి సమానం చేయొద్దు, అలా చేస్తే రెండు బ్రేకులూ పోయినట్టే. రాడ్డు సర్దినా కొలత రాకపోతే లైనింగ్, అంటే బ్రేకులో అరిగే పొర, అయిపోయింది. రెండు పక్కలా ఒకేసారి మార్పించండి.

తర్వాత లాక్ వేసి, ట్రాలీ లేకుండా ఖాళీ మట్టినేల మీద మెల్లగా నడిపి బ్రేకు కొట్టండి. రెండు టైర్ల జారుడు గీతలు ఒకేచోట మొదలవ్వాలి. కాస్త దూరం తిప్పాక ఒక పక్క బ్రేకు దగ్గర సెగ ఎక్కువ తగిలితే అటు బిగుసుకుందని లెక్క, కొంచెం వదలండి.

టైర్లలో గాలి తేడా, పొడి బ్రేకులోకి ఆయిల్ కారడం, వంగిన రాడ్డు కూడా కారణాలే. గాలి మీరే చూసుకోవచ్చు, మిగతావి మెకానిక్‌కు వదిలేయండి.