పాత డ్రైనేజీ పైపుకి కొత్త వాష్ బేసిన్ కలుపుతున్నారా?

పోయిన నెల మా పక్క వాటాలో ఉండేవాళ్లు పడకగదిని ఆనుకున్న బాత్‌రూమ్‌లో కొత్త వాష్ బేసిన్ పెట్టించారు. వారం తిరక్కుండానే ఇంట్లో అందరికీ తలనొప్పి, చిన్నపాపకి వాంతులు. ఎలుక చచ్చిందేమోనని అటక మీదున్నవన్నీ దించి వెతికారు. చివరికి బేసిన్ కింద చూస్తే తెలిసింది. మెత్తటి వేస్ట్ పైపుని తిన్నగా పాత డ్రైనేజీ పైపులోకి దూర్చి, చుట్టూ వైట్ సిమెంట్ పూసేశారు. ట్రాప్, అంటే పైపులో నీళ్లు నిలిచి ఉండే వంపు, లేదు. సెప్టిక్ ట్యాంక్ గాలి పగలూ రాత్రీ గదిలోకి వస్తోంది.

టేపు చుట్టడం, బేసిన్ మట్టం చూడటం ఏ ప్లంబర్‌కైనా తెలుసు. నా భయమంతా ట్రాప్ గురించే. దాని వంపులో కనీసం రెండు అంగుళాల లోతున ఎప్పుడూ నీళ్లు నిలబడి ఉండాలి. మురుగు గాలిని ఆపేది ఆ కాసిన్ని నీళ్లే. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో మూడు వందల మందికి పైగా సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి సోకింది. బాత్‌రూమ్ నేలలోని ట్రాపులు ఎండిపోవడం అందుకు ఒక కారణమని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది.

"పైపునే వంచి ప్లాస్టిక్ ట్యాగ్ కట్టాం, అదే ట్రాప్" అంటారు కొందరు ప్లంబర్లు. ఒప్పుకోవద్దు. ట్యాగ్ జారితే వంపు పోతుంది. ముడతల్లో జుట్టూ సబ్బూ పేరుకుంటాయి. బేసిన్ కింద బిగించే సీసా లాంటి బాటిల్ ట్రాప్ పెట్టమనండి.

ఆ పాత పైపు ఎక్కడికి పోతోందో కూడా ముందే చూసుకోవాలి. అందులో బకెట్ నీళ్లు పోసి, బయట ఒక మనిషిని నిలబెట్టండి. స్నానం నీళ్లు పడే గల్లీ ట్రాప్‌లోకి (ఇంటి బయట నేలలో ఉండే ట్రాప్) వస్తే కొంత నయం. కమోడ్ లైన్‌లోకి పోతుంటే మాత్రం ట్రాప్ లేకుండా ఒక్క పూట కూడా ఉంచకండి.

ఇక ఇవి గుర్తుపెట్టుకోండి.

- పైపు చేరే చోట వైట్ సిమెంట్ వద్దు, పగుళ్లిస్తుంది. సరిపోయే రబ్బరు బుష్ వేయించండి.
- అడ్డంగా పోయే పైపుకి అడుగుకి పావు అంగుళం వాలు ఉండాలి.
- పైపులు అతికించే సొల్యూషన్ పూసేటప్పుడు తలుపు తీసి ఉంచండి. సిగరెట్ వెలిగించొద్దు.
- డ్రైనేజీ చాంబర్‌లో తల పెట్టి చూడొద్దు. సెప్టిక్ ట్యాంక్‌లోకి ఎవరినీ దించొద్దు.
- వాసన రావట్లేదు కదా అని ఊరుకోవద్దు. మురుగు గాలి ఎక్కువైతే ముక్కే పనిచేయదు.
- పైపు జామ్ అయితే యాసిడ్, బ్లీచింగ్ కలిపి పోయొద్దు. విషవాయువు పుడుతుంది.
- ఎండాకాలం ఊరెళ్లొస్తే ముందు ప్రతి జాలిలో, ప్రతి బేసిన్‌లో చెంబెడు నీళ్లు పోయండి. ట్రాప్ ఎండిపోతే లేనట్టే.
- ట్రాప్ లేకుండా పైపు కలపనివ్వొద్దు. "రేపొచ్చి పెడతా" అన్నా సరే, వద్దు.
- పనయ్యాక బేసిన్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి. చివర్లో గుడగుడమంటే ట్రాప్‌లో నీళ్లని పైపు లాగేసుకుంటున్నట్టు. వెంట్ పైపు (డ్రైనేజీ లైన్‌కి గాలి ఆడేందుకు పెట్టే పైపు) సంగతి చూడమనండి.
- వంగి, బేసిన్ కింద ట్రాప్‌ని మీ కళ్లతో చూశాకే డబ్బులివ్వండి.