బరువు తగ్గే ఆపరేషన్ అయ్యాక ఇంట్లో, దావత్‌లో, ఎండాకాలంలో ఎలా నెగ్గుకురావాలి?

బేరియాట్రిక్ సర్జరీ అయినవాళ్లకు డిశ్చార్జి రోజు డైటీషియన్ ఒక కాగితం చేతికిస్తారు. ఏ వారం ఏం తినాలో అందులో ఉంటుంది. ఆ కాగితం సంగతి ఇంట్లో అమ్మకు సరిగా తెలియదు. పెళ్లిలో వడ్డించే పెద్దమ్మకు, వాడలో ఉండే ఆర్‌ఎంపీ డాక్టర్‌కు, మెడికల్ షాపులో గోలీలిచ్చే పిల్లవాడికి అసలే తెలియదు. కడుపు చిన్నదైంది పేషెంట్‌కే అయినా, జాగ్రత్త మాత్రం చుట్టూ ఉన్నవాళ్లందరికీ ఉండాలి. హనుమకొండలో మా అక్కకు ఈ ఆపరేషన్ అయినప్పుడు వంట నా చేతిలోనే ఉంది. అందుకే ఇందులో వంటింటి ముచ్చట్లే ఎక్కువ. మీ డాక్టర్ చెప్పింది దీనికి భిన్నంగా ఉంటే డాక్టర్ మాటే వినండి.

1. ఏ ఆపరేషన్ అయిందో పేరుతో సహా తెలుసుకోండి

ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్‌లో పొట్టను 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేస్తారు, అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం మిగులుతుంది. బైపాస్‌లో పైన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. విటమిన్ల లోటు, తీపి తింటే వచ్చే ఇబ్బంది, నొప్పి గోలీలతో పుండు పడే భయం బైపాస్‌లో మరీ ఎక్కువ. డిశ్చార్జి సమ్మరీని ఫొటో తీసి మీ ఫోన్‌లో, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో ఉంచండి. "ఏదో గ్యాస్ ఆపరేషన్ అయింది సార్" అని చెబితే ఎమర్జెన్సీలో డాక్టర్‌కు ఏమీ అర్థం కాదు.

2. ఇంటికి వచ్చే దారి, మొదటి వారాలు

హైదరాబాద్‌లో చేయించుకుని హనుమకొండకు వస్తుంటే దాదాపు 150 కిలోమీటర్ల ప్రయాణం. ఒకే ఊపున కూర్చుని రావద్దు. భువనగిరి దగ్గర ఒకసారి, జనగామ దగ్గర ఒకసారి దిగి అయిదు నిమిషాలు నడవండి. ఆపరేషన్ తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఇంటికొచ్చాక కూడా మంచం పట్టుకుని ఉండకూడదు. పొద్దున, సాయంత్రం ఇంట్లోనే అటూ ఇటూ తిరగాలి. కుట్లు మానాక భద్రకాళి బండ్ మీద నెమ్మదిగా నడవొచ్చు.

నాలుగు నుంచి ఆరు వారాలు అయిదు కిలోలకు మించి ఎత్తవద్దు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, చంకనెక్కే మనవడు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఆఫీసు పని చేసేవాళ్లు రెండు మూడు వారాల్లో వెళ్లగలుగుతారు. ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసేవాళ్లు మాత్రం డాక్టర్ సరే అనేదాకా ఆగాల్సిందే.

జ్వరం, తగ్గని కడుపునొప్పి, నిమిషానికి 120 దాటిన నాడి, ఊపిరి ఆడకపోవడం, కాలి పిక్క వాచి నొప్పెట్టడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి వెంటనే బయల్దేరండి, అవసరమైతే 108 పిలవండి. కుట్టిన చోట లీకైతే మొదట తెలిసేది చాలాసార్లు నాడి వేగంతోనే.

3. తిండి మెట్లు ఒక్కొక్కటే ఎక్కండి

మొదటి రెండు వారాలు ద్రవాలే. పలుచటి మజ్జిగ, పప్పు మీద తేరిన కట్టు, వడకట్టిన చికెన్ సూప్, వెన్న తీసిన పాలు. తర్వాత రెండు వారాలు మిక్సీలో మెత్తగా చేసినవి. అయిదో వారం నుంచి మెత్తటి గుడ్డు పొరటు, చేప, బాగా ఉడికిన సొరకాయ. ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటాక మామూలు తిండి. కొన్ని ఆసుపత్రుల్లో ఈ లెక్క కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఆకలి లేదు కదా, నొప్పి కూడా లేదు కదా అని మెట్టు దాటేయడం మంచిది కాదు. లోపలి కుట్లు ఇంకా మానుతుంటాయి.

మన వైపు నీరసంగా ఉన్నవాళ్లకు పెట్టేవి అంబలి, గట్క. అవి చెడ్డవని కాదు. కానీ చిన్న కప్పుడు పట్టే కడుపులో అంబలి పోస్తే ప్రోటీన్‌కు చోటు మిగలదు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలి. మొదటి నెలల్లో పౌడర్ లేకుండా అది కుదరదు. తర్వాత తిండితోనే ఇలా వస్తుంది: రెండు గుడ్లతో 12, యాభై గ్రాముల పనీర్‌తో 9, రెండు పూటలు కలిపి వంద గ్రాముల చేపో చికెనో తింటే 22 దాకా, పెద్ద గ్లాసెడు పాలతో 8, చిన్న గిన్నె గట్టి పప్పుతో 6, కాస్త పెరుగుతో 3. శాకాహారులకు ఇది కష్టమే. మీల్‌మేకర్‌ను బాగా నానబెట్టి, పిండి, తురిమి కూరలో కలపండి.

4. తినడం మళ్లీ నేర్చుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. ఏం తినాలన్నది కాగితం చూసి పాటించొచ్చు. ఎంత నిదానంగా తినాలన్నది ఎవరికివాళ్లు అలవాటు చేసుకోవాల్సిందే.

చిన్న ప్లేటు, టీ చెంచా తీసుకోండి. ముందు ప్రోటీన్, తర్వాత కూరగాయ, చోటుంటే చివర్లో నాలుగు మెతుకులు అన్నం. అన్నంతో మొదలుపెట్టి కూర నంజుకునే మన అలవాటుకు ఇది పూర్తిగా తలకిందులు. మా అక్క ఉడికిన గుడ్డును చాకుతో ఎనిమిది ముక్కలు చేసుకునేది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని నీళ్లలా అయ్యేదాకా నమిలి, చెంచా కింద పెట్టి, టీవీ కాసేపు చూసి మళ్లీ ఇంకో ముక్క. సగం గుడ్డు అయ్యేసరికి ముక్కు కారేది, ఒక తుమ్ము వచ్చేది. అదే ఆమెకు "చాలు" అన్న గుర్తు. కొందరికి వెక్కిళ్లు వస్తాయి, కొందరికి ఛాతీ మధ్యలో బిగుతుగా అనిపిస్తుంది. ఆ గుర్తు దాటి ఒక్క చెంచా ఎక్కువైనా తిన్నది ఇరుక్కుపోయి నోట్లో నురగ ఊరుతుంది. అలాంటప్పుడు నీళ్లు తాగితే ఇంకా కష్టమవుతుంది. లేచి నెమ్మదిగా నడవండి.

ఎక్కువగా ఇరుక్కునేవి పొడి అన్నం, బ్రెడ్, గట్టి మటన్ తునకలు, నాటుకోడి. జొన్నరొట్టె తినాలనిపిస్తే పప్పులో నానబెట్టుకుని చిన్న ముక్క తినండి. మటన్ అయితే ఖీమా చేయించండి. అన్నిటికంటే సులువుగా దిగేది చేప. కొర్రమట్ట, రవ్వ ఏదైనా పులుసు పెట్టి ముళ్లు తీసి మెత్తగా చిదిపితే చాలు. కారం మాత్రం మీకు అలవాటైన దాంట్లో సగానికి తగ్గించండి.

5. నీళ్లకు వేరే టైం పెట్టండి

తినేటప్పుడు నీళ్లు వద్దు. తిన్నాక అరగంట ఆగాలి. ఒక్కసారిగా గ్లాసెడు తాగలేరు కాబట్టి రోజంతా గుటక గుటకగా ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు పూర్తి చేయాలి. ఎండలు 43, 44 డిగ్రీలు ముట్టే మన దగ్గర మే నెలలో ఇదే పెద్ద పరీక్ష. దూప అయ్యేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు, ఎందుకంటే ఒక్కసారి తాగి లోటు తీర్చుకునే వీలు ఈ కడుపుకు లేదు. మూత్రం ముదురు పసుపుగా ఉన్నా, లేవగానే కళ్లు తిరిగినా నీళ్లు చాలడం లేదని లెక్క. బాటిల్ మీద మార్కర్‌తో గీతలు గీసి పక్కన టైం రాసుకుంటే తేలిక. సోడా, కూల్‌డ్రింక్ ముట్టుకోవద్దు. చెరుకు రసం కూడా వద్దు.

6. తీపితో జాగ్రత్త, ముఖ్యంగా పండుగలప్పుడు

తీపి తిన్న పది ముప్పై నిమిషాల్లో గుండె దడ, చెమటలు, కడుపులో మెలిక, విరేచనం రావచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. చక్కెర త్వరగా పేగులోకి దిగి నీటిని లాగడం వల్ల ఇలా అవుతుంది. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి చేతులు వణుకుతాయి. బైపాస్ వాళ్లకు ఇది ఎక్కువ, స్లీవ్ వాళ్లలోనూ కొందరికి వస్తుంది.

సద్దుల బతుకమ్మ నాడు మలీద, సత్తు పిండి అందరూ చేతిలో పెడతారు. కళ్లకద్దుకుని వేలితో కొంచెం నాలుక మీద పెట్టుకుంటే ప్రసాదం తీసుకున్నట్టే. బతుకమ్మ ఆట మాత్రం కడుపునిండా ఆడండి, మంచి వ్యాయామం. మేడారం బంగారం కూడా బెల్లమే కాబట్టి అదే లెక్క. నిలువెత్తు బంగారం మొక్కుకున్నవాళ్లకు బరువు తగ్గాక ఖర్చు కలిసొస్తుందని మా బావ నవ్వించేవాడు.

7. దావత్‌లో ఏం చెప్పాలో ముందే అనుకోండి

"గంతేనా తినేది? పిల్ల మొత్తం ఎండిపోయింది. ఇంకో బుక్క తిను బిడ్డా." ఈ మాటలో ఉండేది ప్రేమే. కాదంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. బరువు కోసం ఆపరేషన్ చేయించుకున్నామని అందరికీ చెప్పాల్సిన పని లేదు. "కడుపుల ఆపరేషన్ అయింది పెద్దమ్మా, ఎక్కువ తింటే కక్కుకుంట. డాక్టర్ గింతే తినుమన్నడు" అంటే చాలు, అబద్ధమేమీ కాదు. కక్కుకుంటానని వినగానే వడ్డించే చేయి ఆగుతుంది. ఇంటి దగ్గరే ప్రోటీన్ ఏదో కొంత తిని వెళ్లండి. బంతిలో కూర్చుంటే పక్కవాళ్ల వేగం మీకు అంటుకుంటుంది కాబట్టి బఫే అయితే ఇంకా మేలు.

కల్లు, మందు విషయంలో మొహమాటం అసలు వద్దు. ఈ ఆపరేషన్ల తర్వాత మద్యం రక్తంలోకి చాలా వేగంగా ఎక్కుతుంది. ఇదివరకు ఒక సీసా కల్లు ఏమీ చేయనివాడు కూడా అర సీసాకే తూలొచ్చు, బండి నడిపే స్థితిలో ఉండడు. తిండి మీది యావ మందు మీదికి మళ్లేవాళ్లూ ఉన్నారు. సిగరెట్, బీడీ మానేయాల్సిందే, పుండ్లకు అవి పెద్ద కారణం.

8. ఆర్‌ఎంపీ దగ్గర, మెడికల్ షాపులో ముందే చెప్పండి

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, కాగితాల్లో తక్కువగా కనిపించేదీ ఇదే. నడుము నొప్పి అనగానే వేసే డైక్లోఫెనాక్ సూది, షాపులో ఇచ్చే ఐబుప్రోఫెన్, అసెక్లోఫెనాక్ గోలీలు ఈ కడుపులో పుండ్లు పెట్టగలవు. బైపాస్ అయినవాళ్లు వాటి జోలికే వెళ్లకూడదు. నొప్పికి పారాసెటమాల్ వాడుకోవచ్చు, తగ్గకపోతే సర్జన్‌ను అడగాలి.

రెండోది గ్లూకోజ్. కొన్ని రోజులుగా వాంతులవుతుంటే ఒంట్లో బి1 విటమిన్ అడుగంటుతుంది. నీరసంగా ఉందని ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమక పడటం దీని గుర్తులు. ఏది తిన్నా, తాగినా రెండు రోజులుగా నిలవడం లేదంటే వాడలో బాటిల్ పెట్టించుకోకుండా పెద్దాసుపత్రికి వెళ్లి ఆపరేషన్ సంగతి, వాంతుల సంగతి రెండూ చెప్పండి.

షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత కొద్ది రోజుల్లోనే మందు డోసు తగ్గించాల్సి రావచ్చు. పాత డోసే వేసుకుంటే షుగర్ మరీ పడిపోతుంది. ఇంట్లో మిషన్‌తో చూసుకుంటూ అంకెలు డాక్టర్‌కు పంపండి, మీ అంతట మీరు ఆపేయవద్దు.

9. విటమిన్లు బతికినంతకాలం

మల్టీవిటమిన్, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి. కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒక్కసారి 500కు మించకుండా. కాల్షియం సిట్రేట్ అయితే బాగా ఒంటబడుతుంది. ఐరన్‌కు, కాల్షియంకు మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. చాయ్‌తో ఐరన్ గోలీ వేసుకుంటే అది ఒంటికి సరిగా పట్టదు. బాగానే ఉన్నాను కదా అని ఏడాదికే మానేసేవాళ్లు ఎక్కువ. బి12 నిల్వలు నెమ్మదిగా తరుగుతాయి కాబట్టి తిమ్మిర్లు మొదలయ్యేసరికి చాలా ఆలస్యమవుతుంది. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏటా రక్త పరీక్షలు చేయించండి. పిత్తాశయంలో రాళ్లు రాకుండా మొదటి ఆరు నెలలు ఉర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్ గోలీలు కూడా రాసి ఉండవచ్చు, మధ్యలో వదిలేయకండి.

10. జుట్టు, కాన్పు, ఆగిపోయే ముల్లు

మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు దువ్వెన నిండా ఊడుతుంది. టెన్షన్ పడి ఖరీదైన నూనెలు కొనకండి. ప్రోటీన్, ఐరన్ సరిగా అందితే చాలామందికి మళ్లీ వస్తుంది.

ఆడవాళ్లు 12 నుంచి 18 నెలల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గగానే నెలసరి గాడిన పడి, పిల్లలు పుట్టరనుకున్నవాళ్లకు కూడా అనుకోకుండా నెల తప్పుతుంది. బైపాస్ అయితే గర్భనిరోధక మాత్రల మీద పూర్తిగా ఆధారపడవద్దు, వేరే పద్ధతి గురించి డాక్టర్‌ను అడగండి. తర్వాత గర్భం వచ్చినప్పుడు గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే షుగర్ పరీక్షకు ముందే ఆపరేషన్ సంగతి చెప్పండి, అది తాగితే డంపింగ్ రావచ్చు.

బరువు వారానికి ఒక్కసారి చూసుకుంటే చాలు. మధ్యలో రెండు మూడు వారాలు ముల్లు కదలకపోవడం మామూలే. ఏడాది, రెండేళ్ల తర్వాత మళ్లీ పెరుగుతుంటే మాత్రం భోజనం కంటే ముందు మధ్యమధ్యలో నోట్లో వేసుకునేవి చూడండి. సకినాలు, మురుకులు, బిస్కెట్లు, చక్కెర చాయ్ ఎంత చిన్న కడుపులోనైనా ఇరుక్కోకుండా జారిపోతాయి. డబ్బా ముందు కూర్చుంటే సాయంత్రానికి సగం ఖాళీ. మూడు నాలుగు కిలోలు పెరగగానే డైటీషియన్‌కు ఫోన్ చేయండి, పది కిలోలు అయ్యేదాకా మొహమాటపడి ఆగవద్దు.